పులికాట్ పడవకు డీజిలా? పెట్రోలా?

లోతు లేని సరస్సులో అలవాటు కొద్దీ ఇంజన్లు
సముద్రానికి సరిపోయినది విహారానికి సరిపోదు
రాయితీ ఒక ఇంధనానికే

శ్రీహరికోట: తూర్పున బంగాళాఖాతం, పడమరన పులికాట్ సరస్సు. నడుమ సన్నని దీవి శ్రీహరికోట. 1979లో ఎస్‌ఎల్‌వీ-3తో మొదలైన ఉపగ్రహ వాహక నౌకల ప్రయోగాలు 2025 జనవరి 29న ఇక్కడ వందకు చేరుకున్నాయి. రాకెట్‌లో ఏ దశకు ఘన ఇంధనం వాడాలి, ఏ దశకు ద్రవ ఇంధనం వాడాలి అనేది ఈ గడ్డపై గ్రాములతో సహా లెక్కగట్టి తేల్చే విషయం. అదే దీవి చుట్టూ ఉన్న నీటిపై తిరిగే పడవకు డీజిల్ ఇంజను బిగించాలా, పెట్రోలు ఇంజను బిగించాలా అనే ప్రశ్నకు మాత్రం లెక్క కంటే అలవాటే సమాధానం చెబుతోంది. సముద్రంలో వేటకు పనికొచ్చిందని సరస్సులో విహారానికీ అదే ఇంజను, పొరుగు రాష్ట్రంలో నడుస్తోందని ఇక్కడా అదే నమూనా అన్న ధోరణి ప్రబలితే నష్టపోయేది మత్స్యకారుడి జేబు, పర్యాటకుల భద్రత.

ఈ ప్రశ్నకు ఇప్పుడు ప్రాధాన్యం ఏర్పడటానికి కారణం ఉంది. 2001లో మొదలైన ఫ్లెమింగో పండగ 2025 జనవరి 18 నుంచి 20 వరకు సూళ్లూరుపేట, నేలపట్టు, అటకానితిప్ప, బీవీ పాళెం, శ్రీసిటీల్లో జరిగింది. తడ మండలం బీవీ పాళెంలో పడవ విహారం ఆ పండగకు పెద్ద ఆకర్షణ. ఇదే రేవు నుంచి ఇరకం దీవి వాసులు నిత్యం రాకపోకలు సాగిస్తారు. అంటే ఒకే నీటిపై మూడు రకాల అవసరాలున్నాయి. సముద్రానికి వెళ్లి వచ్చే వేట పడవ ఒకటి, దీవి జనాన్ని దాటించే పడవ మరొకటి, చలికాలంలో పక్షులను చూపే విహార పడవ ఇంకొకటి. ఈ మూడింటికీ ఒకే ఇంజను సరిపోదు.

నీరే మొదటి నిబంధన

మన దేశంలో చిల్కా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. దీని సగటు లోతు మీటరు మాత్రమే. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల నీరు చేరినప్పుడు నిండుగా కనిపించినా వేసవి వచ్చేసరికి ఉత్తర భాగం చాలామేర ఎండిపోయి పగుళ్లు తేలుతుంది. మిగిలిన నీటిలో ఉప్పదనం సముద్రపు నీటిని మించిపోతుంది. తెరచాప, గడకర్ర ఇన్నాళ్లు ఇక్కడ నిలవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. గడకర్ర అందే లోతున్న నీటికి అంతకన్నా నమ్మకమైన సాధనం లేదు.

ఇంజను ఎంపికలో చాలామంది మొదట అడిగేది గుర్రపు శక్తి ఎంత అని. అడగాల్సినది ప్రొపెల్లరు ఎంత లోతున తిరుగుతుంది అని. డీజిల్ ఇంజను సహజంగా తక్కువ చుట్లతో ఎక్కువ లాగుడు ఇస్తుంది. ఆ లాగుడును పూర్తిగా వాడుకోవాలంటే పెద్ద ప్రొపెల్లరు కావాలి. పెద్ద ప్రొపెల్లరు తిరగాలంటే లోతు కావాలి. పడవ గర్భంలో ఇంజను పెట్టి, అడుగు నుంచి షాఫ్టు దించే పద్ధతి సముద్రంలో ఎంత మేలైనదో పులికాట్‌లో అంత చేటు. బురద దిబ్బ తగిలిందంటే ప్రొపెల్లరు రెక్క వంగుతుంది, షాఫ్టు బెసుకుతుంది, పడవ నడి సరస్సులో నిలిచిపోతుంది.

పడవ వెనుక చెక్కకు తగిలించే పెట్రోలు ఇంజను ఇక్కడే మేలనిపించుకుంటుంది. లోతు తగ్గగానే దాన్ని చేత్తో పైకి ఎత్తవచ్చు. బరువూ తక్కువే. పది గుర్రపు శక్తి గల పెట్రోలు ఇంజను నలభై కిలోలకు అటూ ఇటూగా ఉంటే, అదే శక్తి గల పాత తరహా సింగిల్ సిలిండర్ నీటి పంపు డీజిల్ ఇంజను వంద కిలోలు దాటుతుంది. అంత బరువు వెనుకకు చేరితే చిన్న పడవ తోక నీటిలోకి దిగి, మూతి లేస్తుంది. ఆ పైన జనం కదిలితే ఏమవుతుందో వివరించనక్కర్లేదు.

అయితే పెట్రోలు ఇంజనుకు ఇక్కడ ఒక బలహీనత ఉంది, అమ్మేవారు దాన్ని అంతగా చెప్పరు. అది చల్లబడటానికి సరస్సు నీటినే పీల్చుకుంటుంది. లోతు లేని చోట ఆ నీటితోపాటు బురద, ఇసుక, నాచు లోపలికి పోతాయి. నీటి పంపులోని రబ్బరు చక్రం అరిగి ఇంజను వేడెక్కుతుంది. రోజూ పని ముగిశాక మంచినీటితో కడిగితే తప్ప ఉప్పు పేరుకుపోతుంది. గాలితో చల్లబడే డీజిల్ ఇంజనుకు ఈ బెడద లేదు. మధ్యే మార్గంగా తమిళ, ఆంధ్ర తీరాల్లో పొడవాటి తోక ఇంజన్లు స్థిరపడ్డాయి. పడవ పైన గాలితో చల్లబడే చిన్న డీజిల్ ఇంజను, దాని నుంచి వెనక్కి పొడవైన గొట్టం, చివర ప్రొపెల్లరు ఉంటాయి. లోతును బట్టి గొట్టాన్ని చేత్తో లేపవచ్చు. 2004 డిసెంబరు సునామీ తర్వాత తీరమంతటా పెరిగిన ఫైబరు పడవలతోపాటు ఈ ఇంజన్లూ పెరిగాయి. మోత, అదురు ఎక్కువ. తిరిగే రెక్కలకు అడ్డు ఉండదు కనుక స్నానానికి, ఆటకు పిల్లలు దిగే రేవుల్లో ప్రమాదకరం. అయినా రైతు పంపుసెట్టును బాగుచేసే మెకానిక్ ఎవరైనా దీన్నీ విప్పి బిగించగలడు. పెట్రోలు ఇంజనుకు విడిభాగం కావాలంటే సూళ్లూరుపేట నుంచి 80 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని చెన్నై వైపే చూడాలి. వేటకు వెళ్లేవాడికి ఇంజను ఆగిన రోజు కూలి పోయిన రోజే కనుక ఈ ఒక్క కారణం చాలాసార్లు మిగతా అన్నిటినీ తోసిరాజంటుంది.

ఎత్తగలిగే డీజిల్ ఇంజను ఆలోచన కొత్తదేమీ కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమం, అలల్లోంచి నేరుగా ఒడ్డెక్కే పడవలను 1980 దశకంలో ఆంధ్ర తీరంలో ప్రయోగించింది. ఇంజను, షాఫ్టు, ప్రొపెల్లరు ఒకే పెట్టెలో ఇమిడి, నేల తగిలే చోట మొత్తం పైకి వాలే ఏర్పాటు వాటికి ఉండేది. లోతు లేని పులికాట్‌కు ఆ సూత్రం అతికినట్లు సరిపోతుంది.

నిప్పు ముప్పు

ప్రయాణికులు ఎక్కే పడవ విషయంలో చర్చ ఖర్చుతో మొదలు కాకూడదు, నిప్పుతో మొదలు కావాలి. పెట్రోలు నుంచి మండే ఆవిరి సున్నాకు దిగువన సుమారు నలభై డిగ్రీల చలిలోనూ వెలువడుతుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది. నేలపై బండిలో ఇంధనం కారితే ఆవిరి చెదిరిపోతుంది. పడవ ఒక గిన్నె లాంటిది. ఆవిరి అడుగున చేరి అక్కడే నిలుస్తుంది. స్విచ్చి వేసినప్పుడు పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే పడవ గర్భంలో పెట్రోలు ఇంజను బిగించే దేశాల్లో ఇంజను తిప్పే ముందు కొన్ని నిమిషాలు ఫ్యాను వేసి ఆవిరిని బయటకు తోలడం, రవ్వలు పైకి రాని ప్రత్యేక విద్యుత్ పరికరాలు వాడటం తప్పనిసరి చేశారు. మన రేవుల్లో ఆ క్రమశిక్షణను రోజూ ఆశించడం అత్యాశే. కాబట్టి గర్భంలో పెట్రోలు ఇంజను అనే ఆలోచననే పులికాట్‌లో పక్కన పెట్టాలి. పెట్రోలు వాడితే ఇంజను, ట్యాంకు రెండూ గాలి ఆడే బయటి భాగంలోనే ఉండాలి. ప్లాస్టిక్ క్యాన్లలో పెట్రోలు తెచ్చి, జనం కూర్చున్నాక పోసే అలవాటు ఎక్కడున్నా ఆపించాలి.

డీజిల్ వేసిన పడవకు నిప్పు భయమే ఉండదనుకోవడమూ పొరపాటే. భారత ప్రమాణాల ప్రకారం డీజిల్ జ్వలన స్థానం 35 డిగ్రీలకు తగ్గకూడదు. సముద్ర నౌకల ఇంధనానికి అంతర్జాతీయ నిబంధన 60 డిగ్రీలు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండలో, మూత వేసిన ఇంజను గదిలో ఎంత వేడి ఉంటుందో ఊహించవచ్చు. 2018 మే 11న గోదావరిపై పాపికొండల విహారానికి బయల్దేరిన బోటు మంటల్లో చిక్కుకోగా, వంద మందికి పైగా ప్రయాణికులు సకాలంలో ఒడ్డుకు చేరి ప్రాణాలు దక్కించుకున్నారు. ఒడ్డు దగ్గరగా ఉండటం వారి అదృష్టం. ఏ ఇంధనమైనా వైర్లు, బ్యాటరీ, పొగగొట్టం సరిగా లేకపోతే ముప్పు ఒకటే.

పులికాట్‌కు స్వయంగా ఒక విషాదం ఉంది. 2011 డిసెంబరు 25న సరస్సు తమిళనాడు వైపున పళవేర్కాడు వద్ద పడవ బోల్తాపడి 22 మంది విహారయాత్రికులు మృతి చెందారు. ఎత్తు తక్కువ, జనం ఎక్కువ అయిన పడవలో తప్పు లెక్క ఎంత ఖరీదైనదో ఆ క్రిస్మస్ రోజు చూపింది. ఇంజను బరువు కూడా ఆ లెక్కలోదే.

లీటర్ల లెక్క

ఇక ఖర్చు. డీజిల్ ఇంజను గాలిని పెట్రోలు ఇంజను కంటే దాదాపు రెట్టింపు నొక్కి మండిస్తుంది. పైగా లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కంటే పదో వంతుకు పైగా శక్తి అధికం. ఈ రెండింటి వల్ల పది గుర్రపు శక్తితో పూర్తిగా నడిపితే నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజను గంటకు మూడుంబావు లీటర్లు, డీజిల్ ఇంజను రెండున్నర లీటర్ల లోపు తాగుతాయని స్థూలంగా లెక్కించవచ్చు.

2025లో రాష్ట్రంలో పెట్రోలు రూ.109, డీజిల్ రూ.97 చుట్టూ ఉన్నాయి. పెట్రోలుపై 31 శాతం, డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్‌తోపాటు లీటరుకు రూ.4 అదనపు పన్ను, రూపాయి రహదారి సుంకం దీనికి కారణం. మత్స్యకారుల పడవలకు డీజిల్‌పై 2019 నవంబరు నుంచి లీటరుకు రూ.9 రాయితీ అమలులోకి వచ్చింది. మోటారు పడవకు నెలకు 300 లీటర్లు, మర పడవకు 3,000 లీటర్లు పరిమితి. ఈ రాయితీ డీజిల్‌కే, అదీ ఎంపిక చేసిన బంకుల్లోనే.

వేట పడవ ఏడాదిలో పది నెలలు, నెలకు ఇరవై రోజులు, రోజుకు నాలుగు గంటలు ఇంజను నడిపిందనుకుందాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్నందున పది నెలలే లెక్క. రాకెట్ ప్రయోగాల వేళ సముద్రంలోకి వెళ్లరాదన్న హెచ్చరికల వల్ల మరికొన్ని రోజులు పోతాయి. ఎనిమిది వందల గంటలకు పెట్రోలు ఖర్చు రూ.2.83 లక్షలు. డీజిల్‌కు గంటకు 2.4 లీటర్ల చొప్పున, రాయితీ పోను లీటరు రూ.88 వంతున రూ.1.69 లక్షలు. తేడా రూ.1.14 లక్షలు. ఒక మత్స్యకార కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. నెలకు 192 లీటర్లు కనుక రాయితీ పరిమితిలోనే సరిపోతుంది. సముద్రానికి వెళ్లేవారికి డీజిల్ తప్ప మరో మాట లేదనడానికి ఈ అంకెలు చాలు.

విహార పడవ సంగతి వేరు. వలస పక్షులు ఉండే నాలుగు నెలల్లో సెలవు దినాలే దానికి పని. ఏడాదికి 150 గంటలు నడిచిందనుకున్నా పెట్రోలు వాడినందుకు అదనంగా పడే భారం సుమారు రూ.18 వేలే. ఆ మొత్తానికి తేలికైన, తక్కువ శబ్దం చేసే, ఎత్తగలిగే ఇంజను లభిస్తుంది. ఏడాదికి వెయ్యి గంటలు పనిచేసేందుకు తయారైన బరువైన డీజిల్ ఇంజనును ఎనిమిది నెలలు ఒడ్డున నిలిపి ఉంచడం డబ్బును ఉప్పుగాలికి అప్పగించడమే.

సరిహద్దు వల్ల ఇంకో చిత్రమైన లెక్క ఏర్పడింది. తడ దాటి తమిళనాడులోని ఆరంబాకం చేరితే పెట్రోలు లీటరుకు రూ.8 దాకా, డీజిల్ రూ.4కు పైగా తగ్గుతుంది. రాయితీ డీజిల్ మాత్రం ఇక్కడే చౌక. అంటే వేటగాడు ఇక్కడి బంకుకు, పెట్రోలు పడవ నడిపేవాడు అవతలి బంకుకు వెళ్లడమే లాభం. పెట్రోలు క్యాన్లు సరిహద్దు దాటి పడవల్లోకి చేరడానికి ఇంతకన్నా ప్రోత్సాహం ఏం కావాలి? నిప్పు ముప్పు గురించి పైన చెప్పినది ఇక్కడ మళ్లీ గుర్తుకు తెచ్చుకోవాలి.

దాటించే పడవకు ఏది?

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న ఇరకం వంటి దీవులకు జనాన్ని చేరవేసే పడవది. అది ఏడాది పొడవునా నడవాలి కనుక డీజిల్ లాభం. లోతు తక్కువ కనుక ఎత్తగలిగేది కావాలి. రోగిని, బడి పిల్లలను, బియ్యం బస్తాలను కలిపి మోస్తుంది కనుక వేగం కంటే నిలకడ ముఖ్యం. బరువు కిందనే ఉండే వెడల్పాటి అడుగు గల పడవకు, పైకి వాలే షాఫ్టుతో డీజిల్ ఇంజను బిగించడం దీనికి తగిన మార్గం. మత్స్యకారుల పేరిట వచ్చే డీజిల్ రాయితీని వేటతోపాటు ఈ రాకపోకల పడవలకూ వర్తింపజేస్తే దీవుల ప్రయాణ ఖర్చు తగ్గుతుంది. రోడ్డు లేని ఊరికి పడవే బస్సు. బస్సుకు ఇచ్చే గౌరవం దానికీ దక్కాలి.

గుర్రపు శక్తి మోజు గురించి ఒక మాట. నీటిని చీల్చుకుంటూ వెళ్లే 25 అడుగుల పడవకు దాని పొడవే వేగ పరిమితి విధిస్తుంది. గంటకు సుమారు 12 కిలోమీటర్లు దాటాక ఇంజను శక్తి రెట్టింపు చేసినా పెరిగేది అలలే, వేగం కాదు. ఆ అలలు లోతు లేని సరస్సులో అడుగు బురదను లేపుతాయి. ఆ బురదలోని నాచు, పురుగు, రొయ్య పిల్లలే ఫ్లెమింగోలకూ, వలలకూ ఆధారం. 1976లోనే పక్షుల అభయారణ్యంగా ప్రకటించిన నీటిలో నలభై గుర్రాల ఇంజను ఎవరి కోసమో ఆలోచించాలి.

పెట్రోలు అనగానే పాత రెండు స్ట్రోకుల ఇంజన్లను తెచ్చి బిగించే ప్రమాదమూ ఉంది. చౌక, తేలిక అనేది నిజమే. పోసిన ఇంధనంలో నాలుగో వంతు వరకు మండకుండానే నూనెతో కలిసి నీటిలోకి వదలడం కూడా అంతే నిజం. విహారానికి పెట్రోలు ఇంజను కొంటే నాలుగు స్ట్రోకులదే కొనాలి.

కొత్త చిక్కు: ఇథనాల్

దశాబ్దం క్రితం ఈ పోలికలో లేని అంశం ఒకటి ఇప్పుడు వచ్చింది. 2022లో పది శాతం ఉన్న ఇథనాల్ మిశ్రమం 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. బండి రోజూ తిరుగుతుంది, ట్యాంకు రోజూ ఖాళీ అవుతుంది కనుక అక్కడ ఇది అంతగా తెలియదు. నీటిపై తేలుతూ వారం పాటు కదలని పడవ ట్యాంకులో తేమ చేరి, హద్దు మించితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగుతాయి. ఇంజను గొట్టం పీల్చేది ఆ అడుగునే. పాత రబ్బరు గొట్టాలు, ఫైబరు ట్యాంకులు కూడా ఇథనాల్‌కు మెత్తబడతాయి. లీటరుకు వచ్చే శక్తి కూడా కొంత తగ్గుతుంది. కనుక పైన చెప్పిన మూడుంబావు లీటర్ల లెక్క ఇంకాస్త పెరుగుతుందే తప్ప తగ్గదు. చలికాలం ముగిశాక విహార పడవ ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, కార్బురేటరు ఆరబెట్టి దాచడం, గొట్టంలో నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టడం ఇక ఐచ్ఛికం కాదు. డీజిల్‌లోనూ నీరు చేరితే ఇంజక్టర్లు చెడతాయి. అయితే డీజిల్ నీటిని తనలో కలుపుకోదు కనుక ఫిల్టరు కింది గిన్నె విప్పి పారబోస్తే సరిపోతుంది.

మూడో దారి లేకపోలేదు. కేరళలో వైక్కం, తవనకడవు మధ్య 75 మంది కూర్చునే ఆదిత్య సౌర పడవ 2017 జనవరి నుంచి తిరుగుతోంది. శబ్దం, పొగ ఉండవు. పక్షులను చూడటానికి వెళ్లే పడవకు ఇంతకన్నా తగినది లేదు. నిర్ణీత దూరం, నిర్ణీత వేళలు ఉన్న బీవీ పాళెం విహారానికి అది సరిగ్గా అతుకుతుంది. సముద్రంలో వేటకు మాత్రం బ్యాటరీ బరువు, దూరం ఇంకా అడ్డే.

అడగాల్సినవి అడగాలి

మరశక్తితో నడిచే పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషన్, బీమాలను అంతర్గత జలనౌకల చట్టం-2021 తప్పనిసరి చేసింది. పర్యాటక పడవల కొనుగోలు ప్రకటనలో సీట్లు, గుర్రపు శక్తి, రంగుతోపాటు వేసవిలో రేవు వద్ద ఉండే కనీస లోతు, నిండా జనంతో పడవ దిగే లోతు, ట్యాంకు ఉండే చోటు, దగ్గరలోని మరమ్మతు కేంద్రం కూడా ఉండాలి. ఇవి అడిగితే డీజిలా, పెట్రోలా అనే ప్రశ్నకు సగం జవాబు దానంతట అదే వస్తుంది.

మిగతా సగం ముఖద్వారాల చేతిలో ఉంది. రాయదొరువు, తూపిలిపాళెం వద్ద సముద్రంతో కలిసే దారులు ఇసుక మేటలతో పూడుకుపోవడంతో ఆంధ్ర వైపు సరస్సుకు పోటు నీరు సరిగా అందడం లేదు. పూడిక తీసి నీరు నిలబెడితే సరస్సు నుంచే సముద్రానికి వెళ్లి వచ్చే పడవలు పెరుగుతాయి, వాటికి డీజిల్ ఇంజన్లే కావాలి. లోతు ఇలాగే తగ్గుతూ పోతే, పెద్ద ఇంజన్లకు పెట్టిన ప్రతి రూపాయి బురదలో దిగబడుతుంది. గడకర్రకు మాత్రం అప్పుడూ పని ఉంటుంది.